సమాధుల మధ్య పాతిన హద్దురాయి

కొత్తగా సర్వేయర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కొందరు మా చర్చి పిల్లలు, కొందరు వాళ్ళ స్నేహితులు. విజయవాడలో గుణదల కొండకు పోయే దారిలో ఒక సందులో మా ఇల్లు. టీ తాగుతూ వాళ్ళు ఉపగ్రహాలతో కొలిచే రోవర్ల గురించీ డ్రోన్ల గురించీ చెప్తారు, నేను వింటాను. నేను చేరిన రోజుల్లో ఇనుప గొలుసు, క్రాస్‌స్టాఫ్ అనే కర్ర, గొలుసు లాగే ఇద్దరు చైన్‌మన్లు, ఒక గొడుగు, అంతే. కొలిచే పద్ధతి గురించి ఈ పిల్లలకు నేను నేర్పగలిగింది ఏమీ మిగల్లేదు. అయితే కొలిచాక మనుషులు ఏమవుతారో, కొలిచినవాళ్ళు ఏమవుతారో ఆ మెషీన్లు చెప్పవు కదా. అది రాయమని వాళ్ళే అడిగారు.

రాస్తాను. ముందే చెప్పేస్తున్నాను, ఆ ఉద్యోగంలో నేను చూసిన అన్నిటికంటే ముఖ్యమైన సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు రాస్తే అబద్ధమవుతుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివినవాళ్ళకు నాకంటే బాగా తెలిస్తే సంతోషమే.

పొలంలో నిలబడటం

మన పనిలో సగం కొలవడం, సగం నిలబడటం. నోటీసు ఇచ్చిన రోజున పొలం దగ్గరికి వెళ్ళేసరికి రెండు వైపులవాళ్ళూ, వాళ్ళ బంధువులూ, ఏ సంబంధమూ లేనివాళ్ళూ గట్ల మీద చేరి ఉంటారు. వాళ్ళు గొలుసును చూడరు, మీ మొహం చూస్తారు. పని పూర్తయ్యేదాకా మొహంలో ఏమీ కనిపించనివ్వకండి. ఎవరి మంచం మీదా కూర్చోకండి. మంచినీళ్ళు తాగితే రెండు ఇళ్ళలోనూ తాగండి, లేదా మీ సీసా మీరు తెచ్చుకోండి. "సుమారుగా" అనే మాట నోటి వెంట రానివ్వకండి. ఆ ఒక్క మాట పట్టుకుని ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కినవాళ్ళను చూశాను.

మొదట్లో నేను వెళ్తే "సర్వేయరు గారు రాలేదా అమ్మా?" అని నన్నే అడిగేవాళ్ళు. నేనే అంటే చైన్‌మన్ వైపు చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు సర్వేయరమ్మనయ్యాను. నెమ్మదిగా మాట్లాడుతుందనీ, ఎవర్నీ కసురుకోదనీ పేరొచ్చింది. అది మంచి పేరేనా అని నాకు అనుమానం. కసురుకునే మగ సర్వేయరు పాతిన రాయి జోలికి ఎవరూ పోరు. నేను పాతిన రాళ్ళు కొన్ని ఏడాది తిరిగేసరికి కదిలేవి.

నాకు పని నేర్పింది మా ఇన్‌స్పెక్టరు ఖాజా మొహిద్దీన్ గారు. గవర్నర్‌పేటలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. అన్నదమ్ములంతా కొట్లో ఫ్యాను కింద కూర్చుంటే ఈయన ఒక్కడూ ఎండలో పడ్డాడని వాళ్ళమ్మగారు బాధపడేదట. చేరిన మొదటి వారం ఆయన నా చేతికి గొలుసు ఇవ్వలేదు. చెప్పులు విప్పి గట్ల మీద నడవమన్నారు. పాత గట్టు గడ్డి వేళ్ళతో బిగిసి ఉంటుంది, జరిపిన గట్టు కాలి కింద మెత్తగా దిగుతుంది. అది పాదాలకు తెలియాలనేవారు. ఆయన్ని మంచి అధికారి అని అందరూ అనరు. సెలవడిగితే మొహం తిప్పుకునేవారు, లెక్క తప్పితే అందరి ముందూ కాగితం చింపేవారు. కానీ ఫలానావాళ్ళు ఫోన్ చేశారు, కొలత కాస్త చూడు అని ఒక్కసారి కూడా అనలేదు. అలాంటి అధికారి కింద మొదటి కొన్నేళ్ళు గడిస్తే మీ అదృష్టం. కోపిష్టి అయినా ఫరవాలేదు.

మూడో ధన్యత

చిన్నప్పుడు మా అమ్మ ఆదివారం పొద్దున మా చేత ధన్యతలన్నీ వరసగా అప్పజెప్పించేది. కొండమీద కూర్చుని ప్రభువు ఎవరెవరు ధన్యులో చెప్పిన మాటలు. ఆత్మలో దీనులు, దుఃఖపడేవాళ్ళు, తర్వాత సాత్వికులు. సాత్వికులకు భూమి దక్కుతుందన్న ఆ మూడో మాట దగ్గర చిన్నప్పుడు నేనెప్పుడూ ఆగలేదు. ఉద్యోగంలో చేరాక అక్కడే నోరు ఆగిపోవడం మొదలైంది.

నేను రోజూ చూస్తున్నది వేరు. కాలవ కింద పొలాల్లో నోరున్నవాడి గట్టు పంట పంటకీ జరుగుతుంది. నోరులేనివాడు పోనీలే అన్న ప్రతిసారీ ఒక చాలు పోతుంది. మీ దేవుడు మన డిపార్టుమెంటులో కనుక్కోకుండానే చెప్పినట్టున్నాడే అని ఆఫీసులో తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వెళ్ళాక నవ్వు వచ్చేది కాదు.

ఒకసారి మా పాస్టరు గారిని అడిగాను. ఆ భూమి అంటే ఈ మట్టి కాదమ్మా, పరలోక సంబంధమైనది అని వివరించారు. పరలోకం మొదటి ధన్యతలోనే ఇచ్చేశాడు కదండీ, మరి ఇక్కడ భూమి అని ఎందుకన్నాడు అన్నాను. ఆయన ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆయన మీద గౌరవంతోనే రాస్తున్నాను. తెలియనప్పుడు ప్రార్థన చేద్దామనడం తప్పించుకోవడమని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

గొలుసు పరిచే ముందు మనసులో నేను చేసుకునే ప్రార్థన ఒకటుండేది.

*ప్రభువా, ఈ నేల నీది. దీని మీద మనుషులు గీసుకున్న గీతల్ని కొలవడానికి వచ్చాను. నా కన్ను తప్పు చూడకుండా, నా నాలుక తప్పు పలకకుండా కాపాడు. నెమ్మదిగా ఉన్నవాడికి ఈ రోజు అన్యాయం జరగనివ్వకు. ఆమెన్.*

ఏళ్ళ తరబడి అదే ప్రార్థన. నెమ్మదిగా ఉన్నవాడెవరో చూడగానే తెలిసిపోతుందని నా ధైర్యం.

ట్రాక్టరు తగిలిన సిలువ

బందరు కాలవ వెంట ఒక ఊరు. పేరు రాయను. ఊరికి కాస్త ఎడంగా పేట. పేటలో అందరూ క్రైస్తవులు, తాతల కాలం నుంచీ. పేట పక్కన కాలవ గట్టు, గట్టును ఆనుకుని వాళ్ళ సమాధుల తోట, తోటను ఆనుకుని సాంబశివరావు గారి మాగాణి. సాంబశివరావు గారు విజయవాడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పొలం కౌలుకిచ్చి, పంటకు రెండు మూడుసార్లు వచ్చి చూసుకుని వెళ్ళేవారు. ఆ పొలంలో నాట్లు వేసేదీ కోతలు కోసేదీ పేట ఆడవాళ్ళే.

ఒక సార్వా పంట మొదట్లో పొలం దమ్ము చేస్తుండగా కౌలుదారు ట్రాక్టరు ఇనుప చక్రం సమాధుల చివరి వరసలో ఒక సిలువకు తగిలింది. సిలువ విరిగిపోయింది. ఆ సమాధి సువార్తమ్మ అనే ఆవిడ కొడుకుది. పెళ్ళీడుకు వచ్చిన పిల్లవాడు, జ్వరంతో పోయాడు. ఆవిడకు ఇంకెవరూ లేరు. పేట మగవాళ్ళు ట్రాక్టరుకు అడ్డం కూర్చున్నారు. నేను గట్టు దాటలేదు, మీ సమాధులే గట్టు దాటి వచ్చాయన్నాడు కౌలుదారు. మాటా మాటా పెరిగి పోలీసులు రావలసి వచ్చింది. చివరికి రెండు వైపులవాళ్ళూ కొలత కావాలని అర్జీలు పెట్టుకున్నారు. కొలత తమ వైపే వస్తుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆ పని నాకు వేశారు. నేను ఖాజా గారి దగ్గరికి వెళ్ళి, ఇంకెవరినైనా పంపమన్నాను. నేను క్రైస్తవురాలిని, కొలత ఎటు వచ్చినా అనుమానిస్తారన్నాను. ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"ఎవర్ని పంపమంటావమ్మా? వేరేవాళ్ళని పంపితే పేటవాళ్ళు నమ్మరు. నిన్ను పంపితే ఊరివాళ్ళు నమ్మరు. నేను పోతే ఇద్దరూ నమ్మరు. వెళ్ళిరా."

మేం వెళ్ళిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. పేట సంఘ పెద్ద ఏసోబు గారు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని ఎదురొచ్చి వందనాలు చెప్పారు. నా పేరు అడిగారు. వినగానే ఆయన మొహం విప్పారింది. మనోళ్ళ పిల్లే వచ్చిందిరా అని వెనక్కి తిరిగి పేటవాళ్ళతో అన్నారు. గట్టు మీద నిలబడ్డ సాంబశివరావు గారికీ ఆ మాట వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మూడు ఊళ్ళ హద్దులు కలిసేచోట పాత రాయి ఒకటుంది. అక్కడ మొదలుపెట్టి గొలుసు లాక్కుంటూ వచ్చాం. చైన్‌మన్లు బురదలో మోకాళ్ళదాకా దిగిపోయారు. మధ్యాహ్నానికి తోట అంచుకు చేరాం. లెక్క ప్రకారం హద్దు పడాల్సిన చోట కర్ర గుచ్చమన్నాను. అది సమాధుల మధ్యలో పడింది. చివరి వరసకు ఇవతల, పేట వైపు. అంటే ఆ వరస మొత్తం సాంబశివరావు గారి సర్వే నంబరులో ఉంది.

తప్పు చేశాననుకున్నాను. కాలవ వైపు ఉన్న రాయి నుంచి మళ్ళీ కొలిపించాను. కర్ర అక్కడే పడింది. చైన్‌మన్లిద్దరూ నా వైపు చూడటం మానేశారు.

ఏసోబు గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయనకు మా లెక్కలు తెలియవు గానీ కర్ర ఎక్కడుందో కనిపిస్తూనే ఉంది. చాలా మెల్లగా అన్నారు.

"అమ్మా, రెండు బారలు అటు జరిపితే ఎవరి కొంపా మునగదు. ఆయనకి ఎకరాలున్నయ్యి. మాకు వీళ్ళే ఉన్నారు."

బెదిరింపులు విన్నాను. ఆశ పెట్టడాలు విన్నాను. వాటికి ఏం చెప్పాలో నాకు అలవాటే. ఈ మాట మాత్రం అలాంటిది కాదు. నా చేతిలో లేదండీ అన్నాను. నిజానికి నా చేతిలోనే ఉంది. ఆయనకూ తెలుసు.

ఇద్దరినీ పిలిచి, కొలత ఎలా వచ్చిందో పైకి చదివి చెప్పాను. అభ్యంతరముంటే పైవాళ్ళకు అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పాను. చైన్‌మన్లు హద్దురాయి పాతారు. పేట మగవాళ్ళు అరిచారు, తిట్టారు. ఒకరిద్దరు నన్ను ఏ చర్చికి పోతావని అడిగారు. ఏసోబు గారు వాళ్ళను ఆపి, ఇంకేం మాట్లాడకుండా తీసుకుపోయారు. వెళ్తూ నాకు వందనం పెట్టలేదు.

సువార్తమ్మ వెళ్ళలేదు. నడుముకు కొంగు చెక్కుకుని, విరిగిన సిలువ దగ్గరే నిలబడి ఉంది. అందరూ పోయాక నన్ను అడిగింది.

"అమ్మగారూ, మావాడు ఏ పక్క పడ్డాడు?"

చూపించాను. ఆవిడ రాయి వైపు చూసింది, సమాధి వైపు చూసింది. తర్వాత గట్టు మీదున్న సాంబశివరావు గారి దగ్గరికి నడిచింది. గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, వాణ్ణి అక్కడ ఉండనిస్తారా?"

ఆయన నన్ను కాస్త ఆలోచించుకోనివ్వమ్మా అని, కారు వైపు వెళ్ళిపోయారు. గెలిచినవాడి నడక కాదది.

ఏసోబు గారి ప్రశ్న

ఆ తర్వాత కొన్ని రోజులకు ఏసోబు గారు ఒక్కరే మా ఆఫీసుకు వచ్చారు. అరవడానికి వచ్చారనుకున్నాను. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, తన చిన్నతనంలో తోట కాలవ వైపు ఇంకా చాలా దూరం ఉండేదని చెప్పారు. కాలవ వెడల్పు చేసినప్పుడు పాత సమాధులు గట్టు కిందికి పోయాయి. వాళ్ళ తాతల సమాధులు కూడా. బదులుగా చోటు ఇస్తామన్నారు కాలవ అధికారులు, ఇవ్వలేదు. చచ్చిపోయేవాళ్ళు ఆగరు కాబట్టి వరసలు పొలం వైపు జరుగుతూ వచ్చాయి. పేటలో పెద్దవాళ్ళందరూ ఇదే చెప్పారు. నేను అబద్ధమనుకోవడం లేదు.

"నువ్వు కొలిచింది తప్పని అనను. మరి కాలవ మా మీదికి వచ్చిన నాడు ఈ గొలుసు ఎక్కడుంది?" అన్నారు.

లేచి వెళ్తూ ఇంకొక మాట అన్నారు. మనవాళ్ళకు వ్యతిరేకంగా చెప్తే నలుగురూ నిజాయితీపరురాలంటారని నీకు లోపల కాస్త సంతోషంగా లేదా అని. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

ఆ మాట చాలాకాలం నన్ను వదల్లేదు. హృదయశుద్ధి గలవాళ్ళు దేవుణ్ణి చూస్తారని మా అమ్మ అప్పజెప్పించింది. ఆ రోజు పొలంలో నా హృదయం ఎలా ఉందని వెతుక్కుంటే దుఃఖం కనిపించింది, భయం కనిపించింది. ఏసోబు గారన్న ఆ సంతోషం ఉందో లేదో ఎంత వెతికినా తేలలేదు. నేలను రెండు వైపుల నుంచి కొలిచి సరిచూసుకోవచ్చు. నన్ను ఏ వైపు నుంచి కొలుచుకోవాలో తెలియలేదు.

ఖాజా గారికి చెప్పాను. మనం చేసింది న్యాయమేనా సార్ అని అడిగాను. కొలత సరిగ్గా ఉందా అన్నారు. ఉందన్నాను. అయితే నీ పని అయింది, న్యాయం సంగతి నాకూ తెలియదు అన్నారు. ఆ తర్వాత చోటు ఇస్తామన్న పాత మాట సంగతి రికార్డుల్లో ఏదైనా దొరుకుతుందేమో వెతికించారు. ఏమీ దొరకలేదు. ఆయన ఆ రోజంతా ఎవరినీ కసురుకోలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

నీతి కోసం ఆకలిదప్పులు గలవాళ్ళు తృప్తి పొందుతారన్న మాట ఉంది కదా. ఏసోబు గారికి ఆ ఆకలి ఉంది. నాకూ ఉందనే అనుకుంటున్నాను. ఇద్దరి ఆకలీ ఒకే నేల మీద ఎదురుపడితే ఎవరు తృప్తి పొందాలో ఎక్కడా చెప్పలేదు. ఆ రోజుల్లో నా ప్రార్థన ఇలా మారింది.

*ప్రభువా, సరిగ్గా కొలిచాను. అయినా తలెత్తుకోలేకపోతున్నాను. తప్పు చేసి ఉంటే చూపించు. తప్పు చేయకపోతే ఈ బరువు ఎందుకో చెప్పు. రెండూ చెప్పకపోతే, మోయడానికి బలమైనా ఇవ్వు.*

జవాబు వచ్చాక

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే సాంబశివరావు గారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయనకూ వడ్డిస్తామంటే వద్దని, వరండాలో కూర్చున్నారు. పొలంలో ఆయన తమ్ముళ్ళకూ భాగం ఉంది. సమాధులు తీయించమని వాళ్ళు పట్టుబడుతున్నారట. పొలంలో సమాధులుంటే మంచిది కాదని ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అంటున్నారట. కౌలుదారేమో ఎక్కడిదాకా దున్నాలో చెప్పమంటున్నాడు.

"నేను లెక్కల మేష్టర్నమ్మా. జవాబు వస్తే లెక్క అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. ఇదేమిటో జవాబు వచ్చాక మొదలైంది," అన్నారు.

ఇలాంటిదానికి మీ మతంలో ఏమన్నా చెప్పారా అని అడిగారు. ఉద్యోగంలో ఉండగా మతం మాట ఎత్తకూడదని నా నియమం. అయినా ఆయన అంత అలిసిపోయి అడిగేసరికి, సాత్వికులకు భూమి దక్కుతుందన్న మాట ఒకటుందండీ అన్నాను. ఆయన దాన్ని నిజంగానే లెక్క చూసినట్టు చూశారు.

"సాత్వికులంటే ఎవరు? ఆవిడా, నేనా? ఆవిడ అడిగింది. నేను కాదనలేకపోతున్నాను. కాదనలేకపోవడం సాత్వికమా, పిరికితనమా?"

తెలియదండీ అన్నాను. ఆయన తల ఊపి, మీకు కూడా తెలియదంటే నాకు కాస్త ధైర్యంగా ఉంది అని లేచారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు.

ఆ ఏడు నాట్లకు ముందు ఆయన కౌలుదారుని పిలిచి, చివరి వరసకు అవతల మనిషి నడిచేంత చోటు వదిలి కొత్త గట్టు వేయించారు. తమ్ముళ్ళతో ఏం చెప్పారో తెలియదు. వాళ్ళతో కొన్నేళ్ళు మాటలు లేవని తర్వాత విన్నాను. నేను పాతిన హద్దురాయి సమాధుల మధ్యలో అలాగే ఉంది. దాని ప్రకారం ఆ వరస ఆయనది. గట్టు ప్రకారం పేటది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకే తెలియని రాయిని నేను పాతినట్టయింది.

పేట సంతోషించిందనుకుంటారేమో. సగం పేట సంతోషించింది. ఏసోబు గారు మాత్రం ఆ వరస వైపు అడుగుపెట్టలేదు. మాది మాకు ఇవ్వలేదు, ఆయనది మాకు వదిలాడు, రెండూ ఒకటి కాదన్నారు. సువార్తమ్మ కొడుక్కి కొత్త సిలువ కట్టించే రోజున కూడా ఆయన పేట చివరే నిలబడి ప్రార్థన చేశారట. నేను ఆయన్ని తప్పుపట్టలేను. సాంబశివరావు గారిని మెచ్చుకోకుండానూ ఉండలేను. ఈ రెండూ ఒకేసారి ఒక మనసులో పట్టించడం నాకు చేతకాలేదు.

సువార్తమ్మ మాట

నేను రిటైరయ్యాను. ఖాజా గారు పోయారు, ఏసోబు గారు పోయారు. ఏసోబు గారిని రాయికి ఇవతలే, వాళ్ళ నాన్నగారి పక్కన ఇరుకులో సర్దారట. ఆయన అలాగే చెప్పి పోయారు. ఆ తర్వాత సాంబశివరావు గారూ పోయారు.

ఈమధ్య ఊళ్ళన్నీ మళ్ళీ కొలిచే రీసర్వే వచ్చినప్పుడు ఆయన కూతురు శైలజ పొలానికి వచ్చింది. మా చర్చి పిల్ల ఒకతె ఆ పక్క ఊళ్ళో సర్వేయరుగా ఉండి నాకు ఫోన్ చేసింది కాబట్టి ఈ సంగతంతా తెలిసింది. శైలజ ఆ వరసనూ నడిచే చోటునూ కలిపి చర్చి పేర రాసిస్తానంది. బాబాయిలను తనే ఒప్పించుకుంది. పేటలో మళ్ళీ గొడవ. దానంగా తీసుకుంటే అది మాది కాదని మనమే ఒప్పుకున్నట్టు, ఏసోబు తాత ఊరుకునేవాడా అన్నారు కుర్రవాళ్ళు. నెలలు గడిచాక చాలామంది సంతకాలు పెట్టారు. కొందరు ఇప్పటికీ పెట్టలేదు.

అంతా అయ్యాక నేను చూడటానికి వెళ్ళాను. సువార్తమ్మ బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టింది. ఇద్దరం మెల్లగా తోటలోకి నడిచాం. ఆవిడను చూస్తుంటే నాకు ఇన్నేళ్ళకు జవాబు దొరికినట్టే అనిపించింది. అరిచినవాళ్ళకు రాలేదు, నెమ్మదిగా అడిగిన ఈవిడకు నేల వచ్చింది. మూడో ధన్యత అక్షరాలా నా కళ్ళముందే ఉంది. ఈ మాట చర్చిలో సాక్ష్యంగా చెప్పాలని కూడా అనుకున్నాను. ఆ ఉత్సాహంలోనే అడిగాను, ఆ రోజు నీకు కోపం రాలేదా సువార్తమ్మా, అంత శాంతంగా ఎలా అడిగావు అని.

ఆవిడ నన్ను వింతగా చూసింది.

"రాకేం అమ్మగారూ. ఇప్పటికీ ఉంది. మా పిల్లోడి సిలవ ఇరగ్గొట్టినోళ్ళ పొలంలో ఆ యేడే నాట్లేశాను. అరిస్తే ఉండనిస్తారనుకుంటే అరిచేదాన్నే. అడిగితే ఉండనిస్తారేమో అనిపించింది. అడిగాను."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడ సమాధి మీద రాలిన ఆకులు ఏరుతూ ఉండిపోయింది.

నా సాక్ష్యం అక్కడే ఆగిపోయింది. అయితే ఈవిడ సాత్వికురాలా, కాదా? కోపం దాచుకుని, ఏది పనిచేస్తుందో చూసుకుని, తల వంచి అడగడం సాత్వికమా? కాదంటే మరి సాత్వికమంటే ఏమిటి? కొడుకు ఉండటానికి చోటు కావాలి, అందుకు ఏం చేయాలో అది చేసింది. కోపం రానివాళ్ళ గురించి ప్రభువు ఆ మాట చెప్పి ఉంటే, అలాంటివాళ్ళను నా ఉద్యోగమంతా ఒక్కరిని కూడా చూడలేదు. కోపాన్ని చేతిలో పట్టుకుని మెల్లగా నడిచేవాళ్ళ గురించి చెప్పి ఉంటే, చూశాను. ఏది చెప్పాడో తెలియదు. కొత్తగా చేరిన పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఇంతే. పొలం దగ్గర నెమ్మదిగా నిలబడ్డవాణ్ణి చూసి వీడు లొంగిపోయాడనుకోకండి. అరిచేవాణ్ణి చూసి వీడిది అన్యాయమనుకోకండి. కొలత మాత్రం సరిగ్గా వేయండి. సరిగ్గా వేస్తే మనశ్శాంతి దొరుకుతుందని మాత్రం నేను మాటివ్వను.

బయల్దేరబోతుంటే సువార్తమ్మ, ప్రార్థన చేసి పోండమ్మగారూ అంది. మా వాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా అది తప్పదు. కళ్ళు మూసుకున్నాను.

*ప్రభువా, ఇక్కడ పడుకున్నవాళ్ళంతా నీవాళ్ళు. ఇది మా హక్కు అన్నారు ఏసోబు గారు, ఆయన మాట నిజం. హక్కు ఉండి కూడా దున్నలేకపోయారు సాంబశివరావు గారు, ఆయన నిన్ను ఎరగరు. ఈ తల్లి కోపం మింగుకుని బిడ్డను కాపాడుకుంది. వీళ్ళలో నువ్వు ఎవర్ని ధన్యులన్నావో నాకు తెలియడం లేదు. ముగ్గుర్నీ అనమని అడగవచ్చో లేదో కూడా తెలియదు. అడుగుతున్నాను. నేను కొలిచాను, అంతే. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు ఎవరికీ చెప్పనివ్వకు. ఇంకా...*

ఇంకా ఏమడగాలో వెతుక్కుంటున్నాను. సువార్తమ్మ గట్టిగా ఆమెన్ అంది. కళ్ళు తెరిచేసరికి కొంగు తల మీదికి లాక్కుని, వానొచ్చేట్టుంది, కాలు జారుద్ది, నా చెయ్యి పట్టుకోండమ్మగారూ అంటూ ముందు నడిచింది.